కుదిరిన ధరను తిరగదోడిన కేసు: ఆంధ్రప్రదేశ్ పవన, సౌర విద్యుత్ ఒప్పందాల వివాదం, 2019–2022

2019 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లోని పవన, సౌర విద్యుత్ ఉత్పత్తిదారులకు విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) నుంచి లేఖలు అందాయి. పవన విద్యుత్తుకు యూనిట్‌కు రూ.2.43, సౌర విద్యుత్తుకు రూ.2.44 ధరకు దిగిరావాలని, లేకుంటే కొనుగోలు ఒప్పందాలను రద్దు చేయాల్సి వస్తుందని వాటి సారాంశం. అంతకు కొద్దిరోజుల ముందు, జూలై 1న, రాష్ట్ర ప్రభుత్వం జీవో 63 ద్వారా ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీని నియమించింది. వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి అప్పటికి సరిగ్గా నెల దాటింది. ఆ తరువాత రెండున్నరేళ్లకు పైగా సాగిన వివాదం 2022 మార్చిలో హైకోర్టు ధర్మాసనం తీర్పుతో ఒక కొలిక్కి వచ్చింది. పాత ధరలకే బకాయిలు చెల్లించాలని ఆ తీర్పు చెప్పింది.

డిస్కంల వార్షిక ఆదాయ అవసరాల ప్రతిపాదనలను పరిశీలించి, విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్సీ) బహిరంగ విచారణల కోసం అభ్యంతరాలు తయారుచేసే పనిలో ఉన్నవాడిగా ఈ కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. దీన్ని సాధారణంగా రెండు విధాలుగా చెబుతారు. పెట్టుబడిదారుల నమ్మకాన్ని ఒక ప్రభుత్వం దెబ్బతీసిందనేది ఒక కథనం. ముందటి ప్రభుత్వం ప్రజల మీద మోపిన భారాన్ని తరువాతి ప్రభుత్వం దించబోతే కోర్టు అడ్డుపడిందనేది రెండోది. వినియోగదారుడి బిల్లు అసలు ఎక్కడ పెరిగింది, ఈ గొడవ వల్ల అందులో ఎంత తగ్గి ఉండేది అనే ప్రశ్న రెండింటిలోనూ వినిపించదు. నా దృష్టిలో కేసుకు కేంద్రం ఆ ప్రశ్నే.

ఆ ధర ఎలా పుట్టింది

విభజన తరువాత కొత్త రాష్ట్రం 2015లో సౌర, పవన విద్యుత్ విధానాలను ప్రకటించింది. పవన విద్యుత్తుకు ధరను వేలం ద్వారా కాకుండా, విద్యుత్ చట్టం 2003లోని 62వ సెక్షన్ కింద కమిషన్ నిర్ణయించే పద్ధతినే ఎంచుకున్నారు. యంత్రాల ఖరీదు, అప్పు మీద వడ్డీ, ఈక్విటీ మీద రాబడి, స్థాపిత సామర్థ్యంలో ఎంత శాతం ఉత్పత్తి జరుగుతుందనే అంచనా, వీటన్నింటినీ లెక్కగట్టి కమిషన్ ఒక ధర ఖరారు చేస్తుంది. ఆ కాలంలో ప్లాంటు పెట్టిన ఎవరికైనా పాతికేళ్ల పాటు అదే ధర దక్కుతుంది. ఆ లెక్కలో పవన విద్యుత్తు ధర యూనిట్‌కు సుమారు రూ.4.84గా తేలింది. నాటి ఖర్చులను బట్టి చూస్తే అది అన్యాయమైన ధర కాదు. పొరపాటంతా ఆ పద్ధతిని ఐదేళ్ల పాటు, అంటే 2020 మార్చి దాకా అమల్లో ఉంచాలని నియమావళిలో రాసుకోవడంలో ఉంది.

ఆ ఐదేళ్లలోనే మార్కెట్ తలకిందులైంది. 2015 నవంబరులో కర్నూలు జిల్లా సోలార్ పార్కు కోసం ఎన్టీపీసీ నిర్వహించిన వేలంలో యూనిట్‌కు రూ.4.63 ధర పలికినప్పుడు దేశమంతా దాన్ని రికార్డు కనిష్ఠంగా చెప్పుకుంది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు రూ.3.15 వచ్చింది. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44 పలికింది. పవన విద్యుత్తుకు 2017 ఫిబ్రవరిలో జరిగిన తొలి జాతీయ వేలంలో రూ.3.46, అక్టోబరులో రూ.2.64, డిసెంబరులో గుజరాత్‌లో రూ.2.43 నమోదయ్యాయి. ఇక్కడ మాత్రం రూ.4.84 తలుపు తెరిచే ఉంది.

దానికి తోడు కేంద్రం ఇస్తున్న ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం 2017 మార్చి 31తో ముగియనుండటం, ఆదాయపన్నులో వేగవంతమైన తరుగుదల రాయితీ ఆ ఏప్రిల్ 1 నుంచి 80 శాతం నుంచి 40 శాతానికి తగ్గనుండటం వల్ల ఆ గడువులోపు ప్లాంటు పూర్తి చేయాలని అందరూ పరుగులు తీశారు. 2016–17లో ఆంధ్రప్రదేశ్ ఒక్కటే సుమారు 2,190 మెగావాట్ల పవన విద్యుత్తును కొత్తగా చేర్చుకుని దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అప్పట్లో దాన్ని ఘనతగా ప్రకటించిన అంకే రెండేళ్ల తరువాత అభియోగానికి ఆధారమైంది.

పాలనలో ఉన్నవారి వాదనలో బలం

కొత్త ప్రభుత్వం చెప్పినదంతా రాజకీయమని కొట్టిపారేయడం సరికాదు. కొనే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక వనరులదే కావాలనే నిబంధన (పునరుత్పాదక కొనుగోలు బాధ్యత) 2018–19లో 11 శాతం ఉండగా డిస్కంలు 23.4 శాతం కొన్నాయని ప్రభుత్వం లెక్క చూపింది. అదే సమయంలో రాష్ట్రంలో థర్మల్ సామర్థ్యం మిగులుగా ఉంది. గాలి వీచే నెలల్లో పవన విద్యుత్తును తప్పనిసరిగా తీసుకోవాలి కాబట్టి ఆ మేరకు థర్మల్ యూనిట్లను తగ్గించాలి; అయినా వాటికి స్థిర చార్జీలు చెల్లిస్తూనే ఉండాలి. అంటే పవన విద్యుత్తు యూనిట్ అసలు ఖరీదు రూ.4.84తో ఆగదు, దానికి పడుకోబెట్టిన థర్మల్ స్థిర వ్యయం కూడా కలుస్తుంది. పవన విద్యుత్తు వల్ల ఆదా అయ్యేది థర్మల్ యూనిట్ ఇంధన ఖర్చు మాత్రమే. ఈ వాదన విద్యుత్ ఆర్థికశాస్త్రంలో నిలబడేదే. మిగులు ఉన్న రాష్ట్రం బాధ్యతకు రెట్టింపు కొనడం ఎందుకో ముందటి ప్రభుత్వం ఏనాడూ సంతృప్తికరంగా వివరించలేదు.

కానీ వాదనలో బలం ఉండటం వేరు, దాని నుంచి రూ.2.43 అనే అంకెకు చేరడం వేరు. ఆ రెండు ధరలూ వేరే రాష్ట్రాల్లో, వేరే సంవత్సరాల్లో వచ్చిన అతి తక్కువ ధరలు. గుజరాత్ తీరంలో గాలి వేగం రాయలసీమ కొండల మీది గాలి వేగంతో సమానం కాదు. 2017 చివర్లో కొన్న టర్బైన్ 2015లో కొన్న టర్బైన్ ధరకు రాలేదు. సౌర విద్యుత్తు విషయంలోనైతే ఇంత దూరం పోనక్కరలేదు, భడ్లా వేలానికి ఒక్క నెల ముందు కడపలోనే రూ.3.15 వచ్చిందంటే ఈ రాష్ట్రంలో నాటి నిజమైన పోటీ ధర ఏమిటో తెలిసినట్టే. రూ.2.44ను కొలబద్దగా పెట్టుకున్నవారికి ఈ విషయం తెలియదని అనుకోలేం.

డబ్బు లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రాష్ట్రంలో 2019 నాటికి పవన విద్యుత్ సామర్థ్యం సుమారు 4,090 మెగావాట్లు. సామర్థ్య వినియోగం 23.5 శాతం అనుకుంటే ఏడాదికి సుమారు 8,400 మిలియన్ యూనిట్ల ఉత్పత్తి వస్తుంది. రూ.4.84కు, రూ.2.43కు మధ్య తేడా రూ.2.41. అంటే ప్రభుత్వం కోరినదంతా అక్షరాలా నెరవేరి, ఒక్క ప్లాంటు కూడా మూతపడకుండా కరెంటు ఇస్తూ పోయినా, పవన విద్యుత్తు మీద మిగిలేది ఏడాదికి రూ.2,000 కోట్లకు కొంచెం ఎక్కువ. రాష్ట్రం మొత్తం విద్యుత్ అవసరం ఏటా 60,000 మిలియన్ యూనిట్ల పైచిలుకు కాబట్టి, ఆ ఆదాను యూనిట్ల మీద పంచితే 30 నుంచి 40 పైసల మధ్య వస్తుంది. ఇది చిన్న మొత్తం కాదు, దీన్ని తేలిగ్గా తీసేయమని నేను చెప్పడం లేదు. అయితే ఇది గరిష్ఠ పరిమితి. ఇంత మొత్తం ఏ కోర్టులోనూ, ఏ సంప్రదింపుల బల్ల మీదా దొరికేది కాదు.

దీని పక్కన మరో రెండు అంకెలు పెట్టి చూడాలి. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు కింద 2022–23కు రూ.6,072 కోట్లు, 2023–24కు రూ.9,412 కోట్లు వసూలు చేసుకోవడానికి ఈఆర్సీ 2024 చివర్లో డిస్కంలను అనుమతించింది. రెండో దానిలో కొంత భాగం నెలనెలా యూనిట్‌కు 40 పైసల చొప్పున అప్పటికే వసూలైంది, మిగతాది తరువాతి నెలల బిల్లుల్లోకి వచ్చింది. ఆ రెండేళ్ల అదనపు ఖర్చుకు ప్రధానంగా బొగ్గు కొరత, ఇంధన ధరలు, విద్యుత్ ఎక్స్ఛేంజీలో (కరెంటు బహిరంగ మార్కెట్లో) అధిక ధరకు కొన్న కరెంటు, వర్షాలు తగ్గి జల విద్యుత్తు పడిపోవడం కారణాలు. ఎక్స్ఛేంజీలో ధర యూనిట్‌కు రూ.12 దాటకుండా 2022 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పరిమితి విధించాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. అలాంటి వేళల్లో, తిట్టిపోసిన రూ.4.84 పవన విద్యుత్తు చవకైన కరెంటుగా మారిపోయింది. స్థిర ధర ఒప్పందంతో ఇదొక ఇబ్బంది: మార్కెట్ పడిపోయినప్పుడు అది నష్టంగా కనిపిస్తుంది, మార్కెట్ ఎగసినప్పుడు చేసిన మేలును ఎవరూ లెక్కలో రాయరు.

కాబట్టి రాజకీయంగా ఎక్కువ మాట్లాడిన అంశం, బిల్లును ఎక్కువగా పెంచిన అంశం ఒకటి కాదు. దీనికి కారణం వెతకడం కష్టం కాదు. పవన విద్యుత్ ఒప్పందం మీద సంతకం పెట్టిన ప్రభుత్వానికి పేరు ఉంటుంది. బొగ్గు ధరకు పేరు ఉండదు.

న్యాయస్థానంలో

ఉత్పత్తిదారులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం జీవో 63నూ, డిస్కంల లేఖలనూ రద్దు చేసింది. కానీ ధరల అంశాన్ని ఈఆర్సీ ఆరు నెలల్లో తేల్చాలని, అంతవరకు రూ.2.43, రూ.2.44 చొప్పున మధ్యంతరంగా చెల్లించాలని చెప్పింది. తీర్పు వినగానే రెండు పక్షాలూ తామే గెలిచామన్నాయి, ఒక విధంగా రెండూ నిజమే. ప్రభుత్వం ఓడిపోయి కూడా తాను కోరిన ధరనే తాత్కాలికంగా పొందింది. ఆరు నెలలు రెండున్నరేళ్లుగా సాగాయి.

చట్టపరంగా చిక్కుముడి ఇది. డిస్కంలు కరెంటును ఏ ధరకు, ఎలా కొనాలో నియంత్రించే అధికారం 86(1)(బి) సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. తారిణి ఇన్‌ఫ్రా కేసులో 2016లో సుప్రీంకోర్టు, కమిషన్ నిర్ణయించిన టారిఫ్‌ను ఒప్పందంలో రాసుకున్నంత మాత్రాన అది ఎన్నటికీ కదలని రాయి కాదని చెప్పింది. మరుసటి ఏడాది సోలార్ సెమీకండక్టర్ కేసులో, తన సహజ అధికారాల పేరుతో కమిషన్ ఒప్పందపు షరతులను మార్చజాలదని కూడా చెప్పింది. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి దారిలో నడవగలిగితే కమిషన్ ముందు డిస్కంలకు కొంత అవకాశం ఉండేది. కాని ముందే ధర నిర్ణయించుకుని, బెదిరింపు లేఖలు పంపి, ఆ తరువాత కమిషన్ తలుపు తట్టినవారి మాటకు విలువ తగ్గిపోవడం సహజం. 2022 మార్చి 15న హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం మధ్యంతర ధరను తోసిపుచ్చి, ఒప్పందంలోని ధరకే బిల్లులు చెల్లించాలని, బకాయిలను ఆరు వారాల్లో తీర్చాలని ఆదేశించింది.

పోలిక కోసం గుజరాత్‌ను చూడండి. 2009 నాటి సౌర విధానం కింద ఆ రాష్ట్రం మొదటి పన్నెండేళ్లకు యూనిట్‌కు రూ.15 చొప్పున ఒప్పందాలు చేసుకుంది. ధరలు కూలిపోయాక, ఆ టారిఫ్‌ను తగ్గించాలని అక్కడి విద్యుత్ సంస్థ కూడా కోరింది. కానీ కోరింది కమిషన్‌ను. 2013లో కమిషన్ ఆ పిటిషన్‌ను తిరస్కరించింది, సంస్థ పాత ధరకే చెల్లింపులు కొనసాగించింది. నాలుగేళ్ల తరువాత దేశంలోకెల్లా తక్కువ పవన ధర రూ.2.43 పలికింది ఆ రాష్ట్రపు వేలంలోనే. అదొక్కటే కారణమని నేను చెప్పను. గాలి, భూమి, ప్రసార లైన్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. అయినా బిడ్ వేసేవాడు తన వడ్డీ లెక్కలో చెల్లింపుల చరిత్రను కలపకుండా ఉండడు.

మూడేళ్లలో ఏం జరిగింది

వివాదం నడుస్తున్న కాలంలో మధ్యంతర ధరకు ఇవ్వాల్సిన బిల్లులు కూడా నెలల తరబడి ఆలస్యమయ్యాయి. తేడా మొత్తం ఎక్కడికీ పోలేదు, బాధ్యతగా పేరుకుంటూ వచ్చింది. రాష్ట్రంలో పవన ప్రాజెక్టులకు అప్పులిచ్చిన బ్యాంకుల్లో ఆందోళన మొదలైంది. జపాన్ రాయబారి స్వయంగా ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఒప్పందాలను గౌరవించాలని కేంద్ర విద్యుత్ శాఖ పదేపదే కోరింది. చివరకు కేంద్రం 2021 అక్టోబరులో పునరుత్పాదక విద్యుత్తును తప్పక తీసుకోవాలనే నిబంధనలనూ, 2022 జూన్‌లో ఆలస్య చెల్లింపుల సర్‌చార్జి నిబంధనలనూ తెచ్చింది. పాత బకాయిలను వాయిదాల్లో కట్టే వెసులుబాటు ఆ రెండో నిబంధనల్లోనే ఉంది, రాష్ట్రం దాన్ని వాడుకుంది. ఒక రాష్ట్రం చేసిన పనికి దేశంలోని రాష్ట్రాలన్నింటి చేతులూ కొంత కట్టుబడ్డాయని చెప్పవచ్చు.

సామర్థ్యం లెక్క మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. ఆంధ్రప్రదేశ్ పవన సామర్థ్యం 2019 మార్చిలో 4,090 మెగావాట్లు, 2024 మార్చిలో 4,096 మెగావాట్లు. అదే ఐదేళ్లలో గుజరాత్ సుమారు 6,070 నుంచి 11,720 మెగావాట్లకు పెరిగింది. మిగులు ఉన్న రాష్ట్రం కొత్తగా కొనకపోవడంలో తప్పేముందని అడగవచ్చు. 2022 వేసవిలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించిన రాష్ట్రం కూడా ఇదే కాబట్టి, ఆ మిగులు ఎంతకాలం నిలిచిందో చెప్పనక్కరలేదు.

ఆ ఖాళీని పూరించడానికి ప్రభుత్వం వెతికిన దారి కూడా గమనించదగ్గది. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల ఉచిత విద్యుత్తు కోసం రాష్ట్రంలోనే సోలార్ ప్లాంట్లు కట్టాలని పిలిచిన టెండర్లు కోర్టులో నిలవలేదు. తరువాత 2021 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీ ద్వారా రాజస్థాన్ నుంచి 7,000 మెగావాట్లను యూనిట్‌కు రూ.2.49 చొప్పున పాతికేళ్లకు కొనే ఒప్పందం కుదిరింది. అంతర్రాష్ట్ర ప్రసార చార్జీల మినహాయింపు కలిపితే ఇది చవకని ప్రభుత్వం, అప్పటికే గుజరాత్ వేలంలో రూ.1.99 పలికిందని ప్రతిపక్షం వాదించాయి. 2024 నవంబరులో అమెరికాలో దాఖలైన కేసులో ఈ ఒప్పందాల వెనుక ముడుపుల ఆరోపణలు వచ్చాయి. ఆ కరెంటు సరఫరాదారైన అదానీ గ్రూపు, జగన్ ఇద్దరూ వాటిని ఖండించారు. ఆ ఆరోపణల సంగతి అటుంచితే, ఇక్కడ నా పరిశీలన ఒక్కటే: పాతికేళ్ల ఒప్పందాన్ని వేరే వేలంలోని కనిష్ఠ ధరతో పోల్చి తప్పుపట్టే పద్ధతిని 2019లో మొదలుపెట్టినవారే 2021లో దానికి గురయ్యారు.

బిల్లు మీద రాజకీయం

ఈ రాష్ట్రంలో కరెంటు ధర గురించి మాట్లాడే ఏ నాయకుడి మనసులోనైనా రెండు సంఘటనలు ఉంటాయి. చార్జీల పెంపునకు వ్యతిరేకంగా సాగిన ఆందోళన మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పులు ఒకటి. 2004 మే నెలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పెట్టిన ఉచిత విద్యుత్ సంతకం రెండోది. ఆ తరువాత మూల టారిఫ్‌ను ముట్టుకోవడానికి ఏ పార్టీ అయినా జంకుతూనే వస్తోంది. టారిఫ్ పెరగకపోయినా ఖర్చు ఆగదు. అది ట్రూ-అప్ (అంచనాకూ అసలు ఖర్చుకూ మధ్య తేడాను తరువాత వసూలు చేయడం) పేరుతో వెనక నుంచి వస్తుంది. 2014–19 కాలానికి రూ.3,669 కోట్ల ట్రూ-అప్‌ను ఈఆర్సీ 2021 ఆగస్టులో అనుమతించింది. ఏడేళ్ల కిందట కాల్చిన కరెంటుకు నేటి అద్దెదారు ఎందుకు కట్టాలని జనం అడిగారు, ఆ ప్రశ్నకు జవాబు లేదు. కమిషన్ ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుని, మళ్లీ విచారించి, తగ్గించిన మొత్తాన్ని మరుసటి ఏడాది అనుమతించింది. 2024 డిసెంబరులో సర్దుబాటు చార్జీల మీద పోరుబాట పట్టింది వైఎస్సార్సీపీ; ఆ చార్జీలు మీ హయాం ఖర్చులే కదా అన్నది తెలుగుదేశం. ఇద్దరి మాటా వాస్తవమే కావడం ఈ వ్యవస్థలోని లోపం: ఖర్చు పెట్టిన ఏడాదికీ, బిల్లు వచ్చిన ఏడాదికీ మధ్య ఒక ఎన్నిక వచ్చి కూర్చుంటుంది.

మరో విధంగా చేసి ఉండవచ్చా

నా వృత్తిలో ఈ కేసును చర్చించినప్పుడు, నేనైతే వెదికేది రెండు చోట్ల. మొదటిది 2017 ఫిబ్రవరి. జాతీయ వేలంలో రూ.3.46 వచ్చిన రోజునే, ఐదేళ్ల నియమావళిని సవరించమని డిస్కంలు కమిషన్‌ను గట్టిగా కోరి, ఈఆర్సీ వెంటనే తలుపు మూసి ఉంటే, ఆ తరువాత చేరిన సామర్థ్యమంతా కొత్త ధరకే వచ్చేది. సవరణ 2018లో గాని రాలేదు. సంతకానికి ముందు ఒక్క ఏడాది జాగ్రత్త ఇచ్చే ఆదా, సంతకం తరువాత మూడేళ్ల వ్యాజ్యం ఇవ్వలేదు.

రెండోది 2019 సంప్రదింపుల బల్ల. ధరను సగానికి తగ్గించమనే బదులు, వడ్డీలో వచ్చిన తగ్గుదలను పంచుకోమని అడగాల్సింది. మెగావాటుకు రూ.6 కోట్ల ఖర్చు, అందులో 70 శాతం అప్పు అనుకుందాం. 12 శాతం వడ్డీని రీఫైనాన్సింగ్‌తో (పాత అప్పు స్థానంలో చవక అప్పు తెచ్చుకుని) 9 శాతానికి తెస్తే మొదటి ఏడాది సుమారు రూ.12.6 లక్షలు మిగులుతాయి. మెగావాటుకు ఏడాదికి 20 లక్షల పైచిలుకు యూనిట్లు కాబట్టి అది యూనిట్‌కు 60 పైసలు. అప్పు తీరుతున్న కొద్దీ సగటు 30 పైసలకు దిగుతుంది. దాన్ని ఉత్పత్తిదారు వదులుకోవాలంటే బదులుగా ఏదో ఇవ్వాలి, డిస్కంల దగ్గర ఇవ్వగలిగినది ఒకటే ఉంది: ప్రతి నెలా సమయానికి చెల్లింపు, దానికి బ్యాంకు గ్యారంటీ. అలా కుదిరి ఉంటే పవన విద్యుత్తు మీద ఏటా రూ.250 కోట్ల వరకు ఆదా అయ్యేది. అడిగిన రూ.2,000 కోట్ల ముందు అది చిన్నదే. దొరికిన సున్నా కంటే పెద్దది.

2024 అక్టోబరులో వచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా సామర్థ్యాన్ని, రూ.10 లక్షల కోట్ల పెట్టుబడిని లక్ష్యంగా పెట్టుకుంది. ఈసారి పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి నిల్వచేసి, అవసరమైనప్పుడు కరెంటు తీయడం), బ్యాటరీలు, గ్రీన్ హైడ్రోజన్ కూడా అందులో ఉన్నాయి. బ్యాటరీల ధర ఇప్పుడు పడిపోతున్న తీరు 2015–17 నాటి సౌర ఫలకాల ధరను గుర్తుచేస్తోంది. కాబట్టి నిల్వ సామర్థ్యానికి ఈఆర్సీ ముందుకు వచ్చే ఏ ఒప్పందంలోనైనా, అభ్యంతరాలు రాసే మాలాంటివాళ్లం ధర కంటే ముందు చూడాల్సినవి ఇవి: ఆ ధర వేలంలో వచ్చిందా లేదా, అది ఎన్ని నెలల పాటు కొత్తవారికి తెరిచి ఉంటుంది, రీఫైనాన్సింగ్ లాభంలో వాటా గురించి షరతు రాశారా, ఏటా అయ్యే ట్రూ-అప్‌ను ఆ మరుసటి ఏడాదిలోనే తేల్చడానికి కమిషన్ గడువు పెట్టిందా.